చుట్టలపెట్టె

ఇంటిలోని పెద్దలకు కానుక యీయవలసివచ్చినపుడు మనకు వెంటనే తోచునవి పట్టుపంచెయు, వెండిచెంబును, శాలువయును. ఇవి కొని యిచ్చుట సులభము. పుచ్చుకొన్నవారు వానిని బీరువాలో దాచుటయు నంతే సులభము. దినమున కొక్కమారైనను వారి చేతికి వచ్చెడి వస్తువును మన చేతులతో చేసి యిచ్చుట మాత్ర మంత సులభము గాదు. దానికి వారి యలవాట్లు తెలియవలెను, ఆ వస్తువుయొక్క గుణము తెలియవలెను, కొంత యోర్పును కావలెను. మా యింట నట్టి కానుక యొకటి సిద్ధమైనది. దానిని చేయుటలో మేము తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు గూడ నుపయోగించునని తలంచి యీ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

మేము చేసినది చుట్టలపెట్టె. పాశ్చాత్యులు దీనిని హ్యూమిడార్ అందురు. పేరునకు తగినట్లు చెమ్మను తనయందు నిలుపుకొని, లోన నుంచిన చుట్టలు ఎండిపోకుండను బూజుపట్టకుండను కాపాడునట్టి కొయ్యపెట్టె యిది. చుట్టయను మాట వినగానే కొంగు ముక్కునకు చేర్చుకొను సోదరీమణు లుందురని యెఱుగుదుము. వారి యాక్షేపణ న్యాయమైనదే. మా యింటను ఆ యాక్షేపణ పుట్టినది. పెట్టెకు కొలతలు నిర్ణయించినదియు ఆ యాక్షేపణయే. కావున ఆ సంగతియే ముందుగ చెప్పెదము.

కానుక కొలత యెట్లు కుదిరినది

మా మామగారికి సహస్రచంద్రదర్శనము చేయ నిశ్చయించితిమి. వారు గోదావరితీరమున పుట్టి పెరిగినవారు. ఇరువదియవ యేటినుండి లంకపొగాకు చుట్ట త్రాగుచున్నవారు. దినమునకు ఆరో యేడో యగుచుండెను. చుట్టలను బిస్కత్తుల రేకుడబ్బాలో నుంచెడివారు. శ్రావణభాద్రపదములలో ఆ డబ్బాలోని చుట్టలకు తెల్లని బూజు పట్టెడిది. వైశాఖజ్యేష్ఠములలో నవి యెండి, వ్రేలు తగిలినంతనే పైయాకు పెళపెళ చిట్లెడిది. చెడిన చుట్టను రెండుదమ్ములకే పారవేసి వేఱొకటి ముట్టించుటయు, అదియు రుచింపక మూడవదానిని వెదకుటయు పరిపాటియయ్యెను. ఇట్లు చుట్ట చెడుటయే చుట్టల లెక్క పెరుగుటకు గూడ కారణమగుచుండెను.

వైద్యుడు మానుమని చెప్పెను. మామగారు దాపఱికము లేక బదులు చెప్పిరి: "అరువదియేండ్ల స్నేహితుడు. ఒక్కనాట వాకిట నిలిపి తలుపు వేయుమన్నచో నావలన గాదు. తగ్గింపుమందువా, తగ్గించెదను."

పెట్టె మాట మేమెత్తగా మా తోడికోడలు నిష్ఠురముగనే పలికినది. "విషమునకు వెండిగిన్నె చేయించుట గాదా అక్కయ్యా యిది? పిల్లలు చూచి యేమి నేర్చుకొందురు? మామగారియందు మనకు గౌరవమున్నచో ఆ యలవాటును మానిపింపవలెను గాని, ముచ్చటైన పెట్టె చేసి చేతికీయవచ్చునా?"

ఆమె మాట త్రోసివేయదగినది గాదు. చుట్టపొగను సిగరెట్టుపొగవలె రొమ్ములోనికి పీల్చరు గనుక హాని లేదని మన పెద్దలనేకు లనుకొందురు. కాని పొగలోని నికోటిను నోటి చర్మమునుండియే రక్తములోనికి చేరును. నోటికిని గొంతునకును పుట్టు పుట్టకురుపునకు చుట్టయు కారణమే. విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల సముద్రతీరగ్రామములలో స్త్రీలు నిప్పుకొన నోటిలోనికి త్రిప్పి త్రాగు అడ్డపొగ చిరకాలముగ నున్నది. దానివలన అంగిటియందు పుట్టకురుపు కలుగుట వైద్యులు పరిశోధించి స్థాపించిన విషయము. ప్రక్కన కూర్చున్నవారికిని, పసిపిల్లలకును ఆ పొగ చెఱుపే. ఇవన్నియు మేమును ఒప్పుకొంటిమి. కాని యెనుబదియేండ్ల వృద్ధుని చేతినుండి డబ్బా లాగికొని దాచుటయు, వారు మనుమలచేత చాటుగ తెప్పించుకొనుటయు గౌరవమను పేరునకు తగునా యనియు తోచినది.

రెండుదినము లాలోచించి తుదకు మామగారినే యడిగితిమి: "పెట్టె చేయుచున్నాము. అందులో నెన్ని చుట్టలకు చోటుంచవలెను?" వారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట "దినమునకు రెండు" అనిరి. అనగా వారమునకు పదునాలుగు. పెట్టెలో పదునాలుగు గళ్ళే యుండవలెను, ఆదివారమునాడు నింపవలెను, నడుమ నింపరాదు, ముట్టించుట వీథియరుగుమీదనే గాని యింటిలోపల గాదు. ఇతరులు విధించిన లెక్కను పెద్దలు దాటవచ్చును. తమ నోట చెప్పిన లెక్కను దాటుటకు సంకోచింతురు. ఇది విని మా తోడికోడలు గరుకుకాగితము చేతబట్టి మాతో పనిలోనికి దిగినది.

లంకచుట్ట ప్రఖ్యాతి

పనిని వర్ణించుటకు ముందు పెట్టెలో చేరు వస్తువును గూర్చి కొంచెము చెప్పవలయును. లంకయనగా గోదావరిపాయల నడుమ నేర్పడిన దీవి. వరద తీసిన పిమ్మట నిలిచెడు ఒండ్రునేలలో పండు పొగాకు మిక్కిలి ఘాటైనది. దీనితో చుట్టిన చుట్టలు 19వ శతాబ్దమునాటికే తెల్లదొరలకు పరిచితములై, లంకలను పేరనే వారి భాషలోనికి చేరినవి. 1890లో వెలువడిన కానన్ డాయిల్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో షెర్లాక్ హోమ్సు, బూడిదనుబట్టి నేరస్థుని జాడ తీయుటకు ఉదాహరణముగ మన లంకచుట్టనే పేర్కొనును. ఇంగ్లీషువారి చెరూట్ అను పదమును తమిళుల చురుట్టునుండి పుట్టినదే. మన కన్యాశుల్కములోని గిరీశముయొక్క చుట్టభక్తి నెఱుగని తెలుగువారుండరు. పొగాకు పంటను పరిశోధించుటకై కేంద్రసంస్థ 1947లో రాజమహేంద్రవరముననే స్థాపింపబడినది.

ఇంత ప్రఖ్యాతిగల యాకు రేకుడబ్బాలో నేల చెడుచున్నదని విచారింపగా, లోపము ఆకులో లేదు, డబ్బాలో నున్నదని తేలినది.

చెమ్మ లెక్క

కోసి యారబెట్టినంతమాత్రమున పొగాకునకు గాలితో సంబంధము తెగిపోదు. గాలిలో చెమ్మ యెక్కువైనపుడు ఆకు దానిని పుచ్చుకొనును. తక్కువైనపుడు తనలోనిదానిని ఇచ్చివేయును. తమలపాకులను తడిగుడ్డలో చుట్టి దాచు స్త్రీలకు ఈ విద్య క్రొత్తది గాదు. గుడ్డ మఱీ తడిసినచో ఆకు కుళ్ళును, ఆరినచో వాడును. మన ప్రబంధములలోని రాజుల వెంట అడపము పట్టెడు పరిచారిక లుందురు గదా! సమయమునకు ఆకు వాడక, కుళ్ళక చేతికందుట వారి నేర్పుననే జరిగెడిది. చుట్టలపెట్టెయు నొకవిధమైన యడపమే.

ఒక వేడిమియందు గాలి మోయగల నీటియావిరి యంతయు 100 పాళ్ళనుకొన్నచో, చుట్టకు హితమైనది సుమారు 70 పాళ్ళు. 65 పాళ్ళకు మిక్కిలి తగ్గినచో ఆకు పెళుసెక్కును. 75 పాళ్ళు దాటి చాలదినము లున్నచో బూజు పుట్టును. చలిదేశములలో శీతకాలమున ఇండ్లను వెచ్చచేయుటచే లోపలిగాలి యెండిపోవును. కావున అచ్చటి పెట్టెకు చెమ్మ నిచ్చుటయే ముఖ్యమైన పని. మన గోదావరిమండలమున వానకాలపుగాలి 80 పాళ్ళు దాటియుండు దినములు పెక్కు. మన పెట్టె వేసవిలో ఇయ్యవలెను, వానలలో పుచ్చుకొనవలెను. రేకునకు ఈ రెండును చేతగావు. కొయ్యకు రెండును చేతనగును.

లోపలికొయ్య, పైకొయ్య

పాశ్చాత్యులు పెట్టె లోపల స్పానిష్ సెడార్ అను కొయ్యపలకలు పొదుగుదురు. ఇది స్పెయినుదేశపు చెట్టును గాదు, దేవదారుజాతియు గాదు. వృక్షశాస్త్రమున దీనిపేరు సెడ్రెలా ఒడొరేటా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా, వెస్టిండీసు దీవులు దీని జన్మభూమి. కులమున మన వేపచెట్టుకు చుట్టము. చెమ్మను పీల్చి విడుచు గుణమును, పురుగులకు సరిపడని సన్నని పరిమళమును దీనియందు గలవు. విచ్చలవిడిగ నఱకుటచే ఈ చెట్లు తఱిగిపోవుచున్నందున 2020నుండి దీని వర్తకమునకు సైటీస్ అను అంతర్జాతీయపు ఒడంబడిక కట్టుబాట్లు మఱింత బిగించినవి. దేశాంతరమునుండి తెప్పించుట మా తాహతునకు మించినది, అక్కఱయు లేకపోయినది.

ఏలయన, దాని దగ్గఱిబంధువు మన దేశముననే కలదు. అమరకోశపు వనౌషధివర్గమున తున్నమనియు, నందివృక్షమనియు పేర్లుగల చెట్టే యది. సామర్లకోటయందు పెక్కేండ్లుండి మన వృక్షములను పరిశోధించిన రాక్స్‌బర్గు దొర దీనికి సెడ్రెలా తూనా యని పేరిడి, పైన చెప్పిన అమెరికాచెట్టుతో నొకే ప్రజాతియందు చేర్చెను. పిమ్మటివారు తూనా యను వేఱు ప్రజాతిగ విడదీసిరి. కొయ్య ఎఱ్ఱనిది, తేలికయైనది, ఉలికి లొంగునది. చిన్నతనమున అమరము వల్లించునపుడు శ్లోకములోని పేరుగ మాత్రమే తెలిసిన చెట్టు, కోతమిల్లునుండి పలకలై యింటికి వచ్చుట మాకెంతయు సంతోషము కలిగించినది.

గంధపుచెక్కతో పొదిగిన నింకను బాగుండునని పిల్లలు సూచించిరి. అది తగదు. గంధము, దేవదారు, కర్పూరపుచెట్టు మొదలగువాని నూనె ఘాటైనది. చుట్ట తన వాసన విడిచి వాని వాసన పట్టును. జిగురు గ్రక్కెడి పైనుకొయ్యయు పనికిరాదు. పైపెట్టెకు మాత్రము ఆరిన టేకు శ్రేష్ఠము.

నిర్మాణక్రమము

మామగారి చుట్ట పొడవు 4½ అంగుళములు; లావు ముప్పాతిక అంగుళము. ఒక వరుసకు 7 చొప్పున రెండంతస్తులుగ 14 గళ్ళు. దీనినిబట్టి పెట్టె లోపలికొలత పొడవు 8, వెడల్పు 5, లోతు 3 అంగుళములని నిర్ణయించితిమి. గళ్ళకు 7 అంగుళములు పోగా మిగిలిన యంగుళము చెమ్మపాత్రకు. టేకుపలక మందము అరయంగుళము. లోపలిపలక మందము పాతికయంగుళము. కావున పైకొలత 9½, 6½, 4½ అంగుళము లయ్యెను. పలకలను కోసి చిత్రికపట్టి యిచ్చినవాడు మా యూరి వడ్రంగి మేస్త్రి. తక్కినది అతడు ప్రక్కన నిలిచి చెప్పుచుండగా మేమిరువురము తోడికోడండ్రమును చేసితిమి.

పెట్టె నాలుగుప్రక్కలను మూలలయందు 45 డిగ్రీల వాలుగ కోసి యతుకవలెను. అపుడు కొయ్యచార మూలమలుపున తెగక చుట్టును తిరిగినట్లు కనబడును. ఈ యతుకు చూపునకు నందమేగాని బలము తక్కువ. అందుచే జిగురారిన తరువాత ప్రతిమూలను అడ్డముగ రెండు సన్నగాట్లు కోసి, వానిలో పలుచని టేకుబద్దలను జిగురుతో చొప్పించితిమి. జిగురారునంతవఱకు బిగించి పట్టుటకు పాతసైకిలు ట్యూబును దారములుగ కత్తిరించి చుట్టితిమి. ఇనుపబిగింపులకంటె నవియే నలుదెసల సమముగ నొత్తినవి.

పైకప్పునకును అడుగునకును టేకుపొర యంటించిన ప్లైవుడ్ వాడితిమి. దీనికి కారణము కలదు. కొయ్య చెమ్మ తగిలినపుడు పొడవున నించుమించు పెరుగదు. అడ్డమున మాత్రము ఉబ్బును. ఒకే వెడల్పుపలకను నలువైపుల బిగియించినచో వానకాలమున ఉబ్బి, వేసవిలో ముడుచుకొని పగులును. పొరలు అడ్డదిడ్డముగ నంటింపబడిన ప్లైవుడ్ అట్లు కదలదు.

ఇప్పుడు సోదరీమణులకు వింతగ తోచు సంగతి చెప్పెదము. ఇట్టి పెట్టెకు మూత వేఱుగ చేయరు. ఆఱుప్రక్కలను మూసి, ఏ సందును లేని దిమ్మెవలె జిగురుతో నతికి, పిమ్మట పైనుండి అంగుళము క్రిందుగ చుట్టును గీతగీసి రంపముతో కోసి మూతను విడదీయుదురు. మూతయు పెట్టెయు నొకే కొయ్యనుండి విడిపోయినవి గనుక చార చారకు, అంచు అంచునకు సరిపోవును. వేఱువేఱుగ చేసినచో నెంత నేర్పరికిని అంత సరిపాటు కుదురదు. రంపపు కోతకు పోవు మందమును ముందే లోతులో కలుపుకొనవలెను. పదిదినములు శ్రమపడి నున్నగ తీర్చిన దిమ్మెమీద రంపము పెట్టుటకు చేయి వెనుకాడును. మేస్త్రి "తొందరపడకుండమ్మా, నాలుగువైపులా కొంచెముకొంచెముగా రానీయండి" అని హెచ్చరించుచుండెను. ఒక ప్రక్క కోయగానే ఆ సందులో సన్నని చెక్కముక్క నుంచి, రెండవప్రక్కకు పోతిమి. లేనిచో మూత క్రిందికి వాలి రంపమును పట్టివేయును. నాలుగవప్రక్క తెగి మూత చేతికి వచ్చినపుడు మా తోడికోడలు చేసిన కేక వీథివఱకు వినబడినది.

తరువాత నందివృక్షపు పలకలను లోపల పొదుగవలెను. వీనిని జిగురుతో నంటింపరాదు. ఉబ్బుటకు కాగితపుమందము సందు విడిచి, ఒకదానినొకటి యొత్తుకొని నిలుచునట్లు అమర్చవలెను. పెట్టెగోడల పలకలు అంచునకు అంగుళములో ఎనిమిదవవంతు పైకి లేచియుండవలెను. మూతలోని పలకలు అంతే తక్కువగ నుండవలెను. మూత వేయగానే ఆ లేచిన యంచు మూతలోనికి దూరి గాలికి అడ్డుకట్ట యగును. పెట్టె ప్రాణమంతయు ఈ యంచులో నున్నది. ఇత్తడి మడతబందులను కొయ్యలో పల్లము తీసి, అంచునకు సమముగ దింపవలెను. పైకి లేచియున్నచో వెనుకప్రక్క సందు మిగులును.

పైన లక్కను స్పిరిటులో కరగించి పలుచగ పదిపూతలు పూసితిమి. లోపల పాలిషుగాని, నూనెగాని, రంగుగాని యేదియు తగులరాదు. పూత పూసిన కొయ్య చెమ్మను పుచ్చుకొనదు. అప్పుడది రేకుడబ్బాకంటె మేలుగాదు.

పరీక్షలు

పెట్టె పూర్తికాగానే చుట్టలు పెట్టరాదు. ఎండిన క్రొత్తకొయ్య చుట్టలలోని చెమ్మనే లాగివేయును. ముందు కొయ్యకే దాహము తీర్పవలెను. చిన్నగిన్నెలో స్వేదనజలము, అనగా బ్యాటరీలలో పోయు నీరు, ఉంచి మూతవేసి పదిపండ్రెండు దినములు కదపక యుంచితిమి. తడిగుడ్డతో లోపల తుడిచిన త్వరగ నగునని కొందఱు చెప్పుదురు. అట్లు చేసిన పలకలు వంకరపోవును. బావినీటిలోను కుళాయినీటిలోను లవణములుండుటచే పాత్రకు సున్నము పేరుకొనును.

మూత బిగువు తెలియుటకు కాగితపుముక్కను అంచున నుంచి మూతవేసి లాగవలెను. నాలుగువైపుల కొంచెము పట్టి విడిచినచో మంచిది. మూతను కొంచె మెత్తి విడిచినపుడు అది దభీలున పడక, లోపలిగాలిమీద తేలినట్లు మెల్లగ దిగుటయు మంచిగుర్తు.

చెమ్మను చూపుటకు పెట్టెలో గడియారమువంటి చిన్న తేమమాపకము నుంచుదురు. అది నిజము చెప్పుచున్నదా లేదా యని పరీక్షించుటకు మన వంటయింటి యుప్పే చాలును. సీసామూతలో టీచెంచాడు ఉప్పు వేసి, ముద్దయగునంత నీరు మాత్రము చిలుకరింపవలెను, కరిగిపోవునంత పోయరాదు. దానిని మాపకముతోకూడ గాలిచొరని సంచిలో నుంచి ఒక రాత్రి గడపినచో లోపలి చెమ్మ 75 పాళ్ళయొద్ద నిలుచును. మాపకము 71 చూపినచో అది నాలుగు తక్కువ చెప్పుచున్నదని తెలియును. ఉప్పునకు ఇది స్వభావము: గాలిలో 75కు మించిన చెమ్మ యున్నపుడు పీల్చుకొని కరుగును. వానకాలమున ఉప్పుజాడీ నీరుకారుట ఇందువలననే. మా వారు ఈ పరీక్షను తమ పాఠశాలలో తరగతిపిల్లలకు గూడ చేసి చూపిరి.

నిత్యము చెమ్మను నిలుపుటకు నీటిగిన్నె చాలదు. వానకాలమున నది కీడే చేయును. లవణద్రావణము నింపిన చిన్నపొట్లములు 65, 69 మొదలగు గుర్తులతో నిప్పుడు దొరకుచున్నవి. తక్కువైనపుడు ఇచ్చి, ఎక్కువైనపుడు పుచ్చుకొనుట వాని గుణము. పెట్టెను ఎండపొడ సోకని లోపలిగదిలో క్రిందిగూటియం దుంచవలెను.

ఇక పురుగు. పొగాకును తొలుచు ఎఱ్ఱనిపురుగు రెండుమూడు మిల్లీమీటర్లకంటె పెద్దదికాదు. మన ధనియాలను, పసుపుకొమ్ములను పొడిచేయునదియు నీ పురుగే. దాని గ్రుడ్లు ఆకులోనే కంటికి కనబడక యుండి, వేడిమికి పొదుగుకొనును. ధనియాలను ఎండబెట్టి బాగుచేసికొందుము. చుట్టల నెండబెట్టినచో అవి చిట్లును. కావున క్రొత్తచుట్టలను సంచిలో మూసి మూడుదినములు ఫ్రిజ్జు మంచుగదిలోను, ఒకదినము క్రిందియరలోను ఉంచి, పిమ్మట బయట చల్లదనము తీరనిచ్చి పెట్టెలో చేర్చుచున్నాము.

ఒక దేశాధ్యక్షుని పెట్టె

ఇట్టి పెట్టెలను కానుకలుగ నిచ్చుట పాశ్చాత్యదేశములలో పరిపాటి. 1961 జనవరి 20వ తేదీన జాన్ కెన్నెడీ అమెరికా అధ్యక్షపదవి స్వీకరించినపుడు మిల్టన్ బెర్ల్ అను హాస్యనటుడు వారికి చుట్టలపెట్టె నొకదానిని కానుక యిచ్చెను. ఆరోగ్యమును, మంచిచుట్టలను కోరుచు దానిమీద పలుకులు చెక్కించెను. మఱుసటియేట కెన్నెడీ క్యూబాదేశపు సరకులను నిషేధించుటకు ముందు, తమకై వేయికిపైగ క్యూబా చుట్టలను కొనితెప్పించుకొనిరని వారి కార్యదర్శి సాలింజరు తరువాత వెల్లడించెను. 1963లో కెన్నెడీ హతులైరి. 1996లో న్యూయార్కునందు సోదబీస్‌వారి వేలములో ఆ పెట్టె 5,74,500 డాలరులకు పోయినది. చుట్టలు పొగయై పోయినవి. వానికోసము చేసిన కొయ్య మిగిలినది. ఈ వృత్తాంతము వినిన మా మామగారు, "ఆయన పెట్టెకు గళ్ళులేవు కాబోలు, వేయి తెప్పించెను" అని నవ్విరి.

తరువాతి సంగతి

సహస్రచంద్రదర్శనమునాడు పెట్టె వారి చేతికిచ్చితిమి. పిమ్మట ఒక వానకాలమును, ఒక వేసవియు గడచినవి. బూజు పట్టలేదు, ఆకు చిట్లలేదు. చెడని చుట్ట యొకటి నింపాదిగ ముగియుచున్నది గనుక రెండవదానికి తొందర కలుగుటలేదు. ఆదివారమునాడు పెట్టె తెఱచునపుడు ఒక్కొక వారము రెండో మూడో గళ్ళలో మిగిలియుండును. వానిని తరువాతి వారపు లెక్కలోనే చేర్చి, తక్కిన గళ్ళను మాత్రమే నింపుదురు. వైద్యుడు దీనితో తృప్తిపడలేదు. పడవలసిన పనియు లేదు. రెండునుండి ఒకటి, ఒకటినుండి సున్న కావలెననియే ఆయన పట్టు, మా తోడికోడలి పట్టును. మేమును దానినే కోరుచున్నాము.

పిల్లలు చూచి యేమి నేర్చుకొందురని ఆమె యడిగిన ప్రశ్నకు కొంత సమాధానము దొరకినది. పెద్దమనుమడు ప్రతిదినము తేమమాపకమును చూచి అంకెను నోటుపుస్తకములో వ్రాయుచున్నాడు. వానపడిన నాడును, వడగాలి వీచిన నాడును అంకె యెట్లు మాఱినదో తాతగారికి చదివి వినిపించును. మిగిలిన చుట్టల లెక్కయు ఆ పుస్తకముననే యున్నది. తాతగారు ఆ లెక్కను విననట్లుందురు గాని వినుచునే యుందురు.

చుట్ట త్రాగువారు లేని యిండ్ల సోదరీమణు లదృష్టవంతులు. వారికిని ఈ పెట్టె వ్యర్థము గాదు. మూసిన దిమ్మెనుండి మూతను కోయుట, అంచు లేపుట, కొయ్య కదలుటకు చోటు విడుచుట అను మూడుసూత్రములు నగలపెట్టెకును, ఉత్తరముల పెట్టెకును సమానమే. అప్పుడు చెమ్మపొట్లము మాత్ర మక్కఱలేదు. మన చేతులు పిండివంటకే గాని రంపమునకు తగవను మాటను నమ్మవలదు. కజ్జికాయ యంచు విడిపోకుండ మడుచుట తెలిసిన వ్రేళ్ళకు కొయ్యయంచు సరిచేయుట నాలుగుదినములలో పట్టుబడును.

ఏ పెట్టె చేసినను, పలక కోయించుటకు ముందు ఒక్కపని మఱవకుడు. అందులో నేమి యుంచుకొందురో, ఎంత యుంచుకొందురో పుచ్చుకొనువారినే యడిగి తెలిసికొనుడు. కొలబద్ద అటుతరువాత తీయవచ్చును.